ఇరవై నాలుగు సెకన్లు

వేలూరులో బాగాయం బస్టాపుకు ఎదురుగా, మందుల దుకాణం మీది అంతస్తులో మోహన కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న నాలాంటివాడు రెండుసార్లు ఆగి ఎక్కాలి. మొరాయించిన లాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె ఫోనులో ఎవరితోనో తెలుగులో మాట్లాడుతూ ఉంది. "అది ఆడనే ఉండాది చూడు నాయనా, బీరువా మింద," అంటోంది. చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి పదేళ్ళయిన నాకు ఆ మాట వింటూనే ప్రాణం లేచివచ్చింది. అలా మొదలైంది మా పరిచయం.

ఆమె బల్ల ఎదుట గోడకు ఒక కాగితం అంటించి ఉంది. తమిళంలో చేత్తో రాసిన ఏడు వరుసలు. ఏమిటని అడిగాను.

"ఫోటో తీసేముందర చూసుకోవాల్సినవి సార్," అంది.

"ఏ ఫోటో?"

"అది పెద్ద కత సార్. మీ లాప్‌టాప్ ముగిసేలోపల చెప్పలేను."

లాప్‌టాప్ ఆ రోజే బాగైపోయింది. కత మాత్రం నాలుగైదు ఆదివారాలు పట్టింది. ఆమె చెప్పినదాన్ని, నేను కళ్ళారా చూసిన కొంత భాగాన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఆమెకు తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. రాసింది చదివి వినిపించినప్పుడు రెండుచోట్ల దిద్దింది.

మోహన వేలూరు దగ్గరి గుడియాత్తం అమ్మాయి. తండ్రి జానకిరామన్ లుంగీలు నేసేవాడు. తల్లి పొన్నమ్మ కండెలు చుట్టేది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. డిప్లొమా చదివి, ఇరవై రెండో ఏట వేలూరు బజారులో లోకనాథ్ షాపులో పనికి చేరింది. లోకనాథ్‌ది తెలుగు వర్తకుల కుటుంబం. వాళ్ళ తాత గోడ గడియారాలు అమ్మాడు, తండ్రి కాలిక్యులేటర్లు అమ్మాడు, ఈయన కంప్యూటర్లు అమ్ముతున్నాడు. రోజూ పొద్దున గుడియాత్తంలో బస్సెక్కి, సాయంత్రం అదే బస్సులో తిరిగి వెళ్ళేది.

ఆ షాపు వెనక గదిలో పాత కంప్యూటర్ల గుట్ట ఉండేది. మూతబడిన ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తూకానికి అమ్మేసినవి. వాటిలో పనికొచ్చే భాగాలు తీసి దాచడం మోహన పని. ఆ పనిలోనే ఆమెకు ఓవర్‌క్లాకింగ్ సంగతి తెలిసింది. ప్రాసెసర్‌ను తయారుచేసినవాళ్ళు చెప్పిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరుగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. వేగం పెంచితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఆగిపోతుంది. కాబట్టి దాన్ని చల్లబరుస్తూ పోవాలి. ఎంత చల్లబరిస్తే అంత పరుగు.

దీనికి ప్రపంచమంతా పోటీలున్నాయి. ఆ పోటీలు నడిపే ఒక వెబ్‌సైటులో ఒక్కో రకం ప్రాసెసర్‌కు ఒక్కో పట్టిక ఉంటుంది. నిన్న వచ్చినదానికీ ఉంటుంది, పదిహేనేళ్ళ కిందటిదానికీ ఉంటుంది. మోహనను పట్టుకున్నది ఈ రెండో సంగతే. కొత్త ప్రాసెసర్ కొనే స్తోమత ఆమెకు లేదు. కానీ టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ గుట్టలో ఉన్న ముసలి ప్రాసెసర్‌తో జర్మనీవాడి మీదా జపాన్‌వాడి మీదా పోటీపడవచ్చు.

"తూకానికి వచ్చినదాంతో లోకంలో ఫస్టు రావచ్చంటే నాకు నవ్వు వచ్చింది సార్. నవ్వినాక వదల్లేకపోయినా."

ఆదివారం పొద్దున షాపు మూసి ఉన్నప్పుడు, లోకనాథ్ అనుమతితో వెనక గదిలో మొదలుపెట్టింది. ఐసు ఫ్యాక్టరీ నుంచి గడ్డ తెచ్చి, పగలగొట్టి, ఉప్పు కలిపి, ప్రాసెసర్ మీద బిగించిన రాగి గిన్నెలో పోసేది. గిన్నెను లేత్ వర్క్‌షాపులో ప్రత్యేకంగా తిప్పించుకుంది. ఎందుకని అక్కడివాళ్ళు అడిగితే ఏమి చెప్పాలో తెలియక, మందు నూరడానికని చెప్పిందట.

నాలుగో ఆదివారం ఆ ముసలి ప్రాసెసర్ ఆమె అనుకోనంత వేగానికి ఎక్కి, అక్కడే నిలబడింది. పోటీకి పెట్టే లెక్కల పరీక్ష కూడా పూర్తయింది. లెక్క చూస్తే ఆ రకం ప్రాసెసర్ల పట్టికలో ప్రపంచంలోనే మొదటి స్థానం. పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్న లోకనాథ్‌ను పిలిచి చూపించింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "భేష్," అన్నాడు. ఆమె స్క్రీన్‌షాట్ తీసి, అందంగా ఉండాలని ఆ బొమ్మ అంచులు కత్తిరించి, వెబ్‌సైటుకు పంపింది.

పదకొండు రోజులు ఆమె పేరు పైన ఉంది. పన్నెండోనాడు లేదు. నిర్వాహకుల నుంచి రెండు వరుసల ఉత్తరం వచ్చింది. స్క్రీను బొమ్మ పూర్తిగా లేదు, తెర మీద మెమరీ వివరాలు చూపే కిటికీ కనిపించడం లేదు, నియమం ప్రకారం స్కోరు తొలగించాం. ఆమె వెంటనే జవాబు రాసింది. నేను కళ్ళారా చూశాను, మా షాపు ఓనరు చూశారు, కావాలంటే ఆయన చేత రాయించి పంపుతాను అని.

తిరుగు జవాబు ఒకే వాక్యం: మీరు చూశారు, మేము చూడలేదు.

మళ్ళీ చేసి చూపిద్దామంటే ఆ ప్రాసెసర్ లేదు. ఆ తర్వాతి ఆదివారం చేసిన రెండో ప్రయత్నంలో గిన్నె పక్కన చెమ్మ పట్టి, బోర్డు మీదికి నీటిబొట్టు జారి, రెండూ కలిసి చచ్చాయి. గుట్టలో అదే రకంవి మరో ఆరు ఉన్నాయి. ఏదీ అంత దూరం వెళ్ళలేదు. ఒకే ఈతలో పుట్టిన పిల్లలయినా అన్నీ ఒక్కలా పరుగెత్తవు కదా.

ఆ జవాబు వచ్చిన రోజు ఇంటికి వెళ్ళి ఆమె అన్నం తినలేదు. జానకిరామన్ మగ్గం గుంతలోంచి లేచివచ్చి పక్కన కూర్చున్నాడు. సంగతంతా విన్నాడు. ప్రాసెసర్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, తగువు మాత్రం అర్థమైంది.

"చెప్పింది అబద్ధమా?"

"కాదు నాయనా! నిజంగానే వచ్చింది."

"నిజమే. నేను అంగుళానికి ఎన్ని పోగులేసినానో నాకు తెలుసు. అయినా లుంగీలు కొనే మొదలాళి అద్దం పెట్టి లెక్కబెడతాడా లేదా? అట్ల లెక్కబెట్టేదానికి నేను కోపం చేసుకుంటే ఎట్లమ్మా? ఆయప్ప నా మగ్గం ముందర కూర్చోలేదు గదా."

"అయితే నాది పోయినట్టేనా?"

"పోయింది," అన్నాడాయన. "లే, చెయ్యి కడుక్కో."

ఓదార్చలేదు గనకనే ఆ మాట నిలిచిపోయిందని మోహన అంటుంది. మరుసటి వారం నియమాల పేజీలన్నీ అచ్చు తీసి, బస్సులో వస్తూ పోతూ చదివింది. స్క్రీను మొత్తం కనబడాలి. పరీక్ష ఫలితం, ప్రాసెసర్ వివరాలు, మెమరీ వివరాలు వేర్వేరు కిటికీల్లో ఒకదాన్నొకటి కప్పకుండా ఉండాలి. తన పేరు, తారీకు కనబడాలి. పై స్థానాలకు యంత్రం ఫోటో కూడా కావాలి. బొమ్మ అంచు కత్తిరించకూడదు. ఆమె గోడ మీది ఏడు వరుసలు ఇవే. ఇవి కాక, నియమం అడగని పని ఒకటి తనంతట తాను పెట్టుకుంది. ప్రతి ప్రయత్నాన్నీ మొదటి నుంచి చివరిదాకా ఫోనులో వీడియో తీయడం.

ఏళ్ళు గడిచాయి. లోకనాథ్ షాపు వదిలి బాగాయంలో సొంత షాపు పెట్టుకుంది. పెళ్ళి మాట ఇంట్లో వాళ్ళు ఎత్తడం మానేశారు, ఆమె కూడా ఎత్తలేదు. ఐసు గడ్డ పోయి ద్రవ నైట్రోజన్ వచ్చింది. అది ఎక్కడ దొరుకుతుందని నేను ఆశ్చర్యపోతే, ఆమె నవ్వి దేవేంద్రన్‌ను చూపించింది. దేవేంద్రన్‌ది కనియంబాడి. ఆవులకు చూలు నిలవడానికి ఇంజెక్షన్ వేసే పని అతనిది. మేలుజాతి ఆబోతుల వీర్యాన్ని గడ్డకట్టించి దాచడానికి అతని దగ్గర ద్రవ నైట్రోజన్ డబ్బా ఎప్పుడూ ఉంటుంది. అతను తనకు సరఫరా చేసేవాళ్ళ దగ్గరే మోహన కోసం ఇంకో చిన్న డబ్బా నింపించి బైకు మీద తెచ్చేవాడు. తెచ్చినవాడు వెళ్ళిపోకుండా కూర్చునేవాడు. నైట్రోజన్ పోసేటప్పుడు రాగి గిన్నెలోంచి తెల్లటి పొగ పొంగి బల్ల మీదుగా కిందికి జారడం చూడడం అతనికి ఇష్టం. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూసే బాధ్యత అతనిదే.

మూడేళ్ళ కిందట డిసెంబరులో ఒక ఆదివారం మోహన మరో ప్రాసెసర్ మీద పనిచేసింది. ఇది మరీ పాతది కాదు. వృత్తాల లెక్కలో వచ్చే ‘పై’ (π) అనే సంఖ్యకు దశాంశ స్థానాలు కోట్లలో లెక్కగట్టే పరీక్ష. ఎంత తక్కువ సమయంలో ముగిస్తే అంత గొప్ప. అప్పటికి ప్రపంచంలో మొదటి స్థానం ఆరు నిమిషాల యాభైరెండు సెకన్లు. మోహనది ఆరు నిమిషాల నలభై సెకన్లకు ముగిసింది.

దేవేంద్రన్ లేచి చప్పట్లు కొట్టాడు. ఈసారి ఏదీ తప్పిపోలేదు. ఏడు వరుసలూ సరిచూసుకుని పంపింది. నిర్వాహకులు రెండు రోజులు పరిశీలించి ఆమోదించారు. ఎవరెవరో అభినందనలు రాశారు. మెమరీని చాలా నేర్పుగా సర్దుకుని ఉంటారు, ఆ రహస్యం చెప్పండి అని ఒకతను అడిగాడు. ఆ నెలాఖరులో చెన్నై నుంచి పిలుపు వచ్చింది. దేశం మొత్తంలో ఎనిమిదిమందిని ఎంచి, వేదిక మీద అందరి ముందూ పోటీపెడుతున్నారు, ఆ ఎనిమిదిమందిలో మీరు ఉన్నారు, మీ ప్రయత్నం వీడియో ఏదైనా ఉంటే చిన్న ముక్క పంపండి, వేదిక వెనక తెర మీద వేస్తాం అని.

ఆ వీడియో ముక్క కత్తిరించడానికి కూర్చున్నప్పుడే సంగతి బయటపడింది.

షాపులో మధ్యాహ్నం. ఎండకు రోడ్డు మీద జనం పలచబడ్డ వేళ. మోహన వీడియోలో తాను మీట నొక్కిన క్షణాన్ని గుర్తుపెట్టుకుంది. ఫలితం తెర మీద పడిన క్షణాన్ని గుర్తుపెట్టుకుంది. మధ్య ఎంతసేపుందో చూస్తే ఏడు నిమిషాల నాలుగు సెకన్లు. ఫలితం మాత్రం ఆరు నలభై అంటోంది.

పొరపాటుగా చూశాననుకుంది. మళ్ళీ చూసింది. ఫోను తప్పు చెబుతోందేమోనని, ఆ వీడియోను గోడ గడియారం ముందు పెట్టి మొత్తం నడిపించింది. ఏడు నిమిషాల నాలుగు సెకన్లే. ఇరవై నాలుగు సెకన్లు ఎక్కడో మాయమయ్యాయి.

"ఆ ముక్కను కత్తిరించేది ఆడనే ఆపేసినా సార్," అంది నాతో.

ఆ ఆదివారం నైట్రోజన్ లేకుండానే అదే యంత్రాన్ని మళ్ళీ బిగించి వెతికింది. కారణం దొరికింది. ప్రాసెసర్ వేగం రెండు అంకెల గుణకారం. ఒకటి మూల వేగం, రెండోది దాన్ని ఎన్ని రెట్లు చేయాలన్నది. ఆ బోర్డుతో ఆమె మూల వేగాన్ని నూట ఆరు దగ్గర పెట్టి కంప్యూటర్‌ను లేపేది. విండోస్ వచ్చాక దాన్ని నూటికి తగ్గించి, రెట్లు పెంచేది. అలా చేస్తే ఎక్కువ చలిలో కూడా యంత్రం నిలకడగా ఉండేది. ఆమె ఉద్దేశం అంతకుమించి ఏమీ లేదు. కానీ ఆమె వాడిన రకం విండోస్ లేచేటప్పుడు ఒక్కసారే మూల వేగాన్ని చూసుకుంటుంది. ఆ మూల వేగం గడియారం టిక్కుల్లా ఇన్ని దెబ్బలు కొడితే ఒక సెకను అని మనసులో పెట్టుకుంటుంది. తర్వాత దెబ్బల వేగం తగ్గిందని దానికి తెలియదు. నూట ఆరు దెబ్బలు పడేదాకా ఆగి, అప్పుడు ఒక సెకను అయిందంటుంది. అంటే కంప్యూటర్ లోపలి గడియారం నెమ్మదిగా నడిచింది. నిమిషానికి మూడు సెకన్ల పైచిలుకు వెనకబడింది. ఆ గడియారాన్ని చూసి పరీక్ష ఫలితం చెప్పింది.

పాతకాలం ప్రాసెసర్లకు ఈ తెగులు ఉందని నిర్వాహకులకు ముందే తెలుసు. వాటికి ఆ విండోస్ వాడకూడదని నియమం కూడా ఉంది. ఈ రకానికి ఆ తెగులు లేదనుకుని నిషేధపు జాబితాలో చేర్చలేదు. కాబట్టి నియమం ప్రకారం మోహన తప్పు చేయలేదు. ఆమె పంపిన బొమ్మలో ఏ లోపమూ లేదు. స్కోరు ఒక్కటే నిజం కాదు. నిజానికి ఆమె ఐదో స్థానంలో ఉండాలి.

ఎవరికైనా చెప్పుకోవాలనిపించి ఆమె బజారుకు, లోకనాథ్ దగ్గరికి వెళ్ళింది. ఆయన విని చిరాకుపడ్డాడు.

"నువ్వేమన్నా దొంగతనం చేసినావా?"

"లేదన్నా."

"వాళ్ళు ఏమి అడిగినారో అది ఇచ్చినావు. చూసి, సరి అన్నారు. ఇంక నీకేమి?"

"వాళ్ళు బొమ్మను చూసి సరి అన్నారన్నా. గడియారాన్ని చూసింది నేను ఒకతెనే."

"అప్పుడు నీది నిజంగా ఫస్టు వచ్చింది. నేనే సాక్షి. పీకి పారేసినారు. ఇప్పుడు ఇది ఇచ్చినారు. దానికీ దీనికీ సరిపాయ అనుకో. చెన్నైకి పో."

ఆ మాట ఆమెకు ఎంత తియ్యగా వినిపించిందో దాచలేదు. రెండు రోజులు ఆ లెక్కనే మనసులో తిప్పుకుందట. అప్పుడు పోయింది, ఇప్పుడు వచ్చింది. మూడో రోజు బస్సులో పళ్ళికొండ దాటుతుండగా ఆ లెక్క ఎక్కడ తప్పుతోందో తెలిసింది. అప్పుడు ఆమె దగ్గర స్కోరు తీసుకున్నది నిర్వాహకులు. ఇప్పుడు ఆమె స్థానం తీసుకుంటున్నది వాళ్ళ దగ్గర కాదు, ఆరు యాభైరెండుకు పరీక్ష ముగించిన ఎవరో మనిషి దగ్గర. చెన్నై ఎనిమిదిమందిలో చేరకుండా పోయిన తొమ్మిదో మనిషి దగ్గర.

షాపుకు వచ్చి రెండు ఉత్తరాలు రాసింది. చెన్నైవాళ్ళకు రాసింది చిన్నది. వాళ్ళు మర్యాదగా జవాబిచ్చి, ఆ చోటు కోయంబత్తూరు అబ్బాయికి ఇచ్చారు. రెండోది వెబ్‌సైటు నిర్వాహకులకు. నా స్కోరు తీసేయండి, ఈ రకానికి కూడా గడియారం తెగులు ఉంది, నియమం మార్చండి.

స్కోరు ఆ పూటే తీసేశారు. నియమం గురించి మాత్రం, ఒకరి మాట మీద అందరికీ వర్తించే నియమం మార్చలేం, రుజువు పంపండి అన్నారు. వేర్వేరు మూల వేగాలతో లేపి మూడుసార్లు చేయాలి, ప్రతిసారీ తెర పక్కన వేరే గడియారం కనబడాలి, వీడియో ఎక్కడా తెగకూడదు.

ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. దేవేంద్రన్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి కదలకుండా ఏడేసి నిమిషాలు మూడుసార్లు. మధ్యలో అతను తమిళంలో ఒక మాటన్నాడు. "తప్పు ఒప్పుకోవడానికి కూడా సాక్ష్యం కావాలా అక్కా? మా ఊళ్ళో చెంపలేసుకుంటే చాలు." మోహన నవ్వలేదు. తెర మీదే కళ్ళుపెట్టి, "కదలొద్దు," అంది.

రుజువు తిరుగులేకుండా ఉంది. వారంలో నియమం మారింది. ఈ రకం ప్రాసెసర్‌తో ఆ విండోస్ మీద వచ్చిన స్కోర్లేవీ చెల్లవు. మోహనది కాక ఇంకో తొమ్మిది స్కోర్లు ఆ ఒక్కరోజే పట్టికలోంచి పోయాయి. ఈ సంగతి ఆమె ముందుగా ఆలోచించలేదు. నిజం చెప్పి తేలికపడ్డానని మాత్రమే అనుకుంది.

నాలుగో రోజున రాఫాల్ అనే అతని నుంచి ఉత్తరం వచ్చింది. పోలండ్‌లో ఒక చిన్న ఊరివాడు, లారీ మెకానిక్. ఆ పట్టికలో అతనిది ఆరు నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు. అతను తిట్టలేదు. మూల వేగం నేను ఎన్నడూ మార్చలేదు, ఏ వేగంతో లేపానో అదే వేగంతో నడిపాను, మా గ్యారేజీలో రెండు శీతాకాలాలు కష్టపడితే వచ్చిన స్కోరు అది, ఆ ప్రాసెసర్ ఇప్పుడు లేదు, నా దగ్గర వీడియో లేదు, అప్పట్లో ఎవరూ అడగలేదు అని రాశాడు. చివర ఇలా ఉంది: మీది తప్పని మీరు రుజువు చేశారు, బాగుంది, నాది తప్పు కాదని నేనెలా రుజువు చేయను?

మోహన ఆ ఉత్తరాన్ని నాకు చదివి వినిపించి, చాలాసేపు స్క్రూడ్రైవరును బల్ల మీద దొర్లిస్తూ కూర్చుంది.

"ఇతను చెప్పేది నిజమని నీకు అనిపిస్తోందా అమ్మా?" అని అడిగాను.

"అనిపించేది ఎవరికి కావాలి సార్? నాకూ అప్పుడు అట్లనే అనిపించింది. వాళ్ళకు చాల్లేదు."

ఆమె అక్కడితో వదల్లేదు. ఒక ఉపాయం తట్టింది. ఒకే రకం ప్రాసెసర్‌కు వేగానికీ పరీక్ష ముగిసే సమయానికీ ఒక పొందిక ఉంటుంది. ఇంత వేగానికి ఇంత సమయం, అటూ ఇటూ కొద్ది తేడా. గడియారం నెమ్మదించిన స్కోరు ఆ పొందికకు అందకుండా, ఉండాల్సినదాని కంటే ముందుంటుంది. ఈ నియమం తగలని వేరే విండోస్ మీద వచ్చిన స్కోర్లు నలభైకి పైగా ఏరి, గళ్ళ కాగితం మీద ఒక్కో చుక్క పెట్టింది. చుక్కలన్నీ కలిసి వాలుగా ఒక గీతలా వచ్చాయి. రాఫాల్ చుక్క సరిగ్గా గీత మీద పడింది. తొమ్మిదిలో ఆరు గీత మీద పడ్డాయి. మూడు దూరంగా పడ్డాయి, ఆరు యాభైరెండుతో సహా. ఆమె స్కోరు అన్నింటికంటే దూరంగా, ఒంటరిగా పడింది. ఆ చుక్కకు ఎర్ర సిరా వాడింది.

దాన్ని ఫోటో తీసి నిర్వాహకులకు పంపింది. వాళ్ళలో వాళ్ళకు వాదన జరిగింది. అది మూడు వారాలు సాగింది. ఇది నమ్మడానికి కారణమే గాని సాక్ష్యం కాదని ఒకరు. కావాలని మెమరీని చెడగొట్టి పరీక్షను ఆలస్యం చేసి, గడియారాన్ని నెమ్మదింపజేస్తే దొంగ స్కోరు కూడా గీత మీద పడుతుందని ఇంకొకరు. అంత కష్టపడి గీత మీద పడేవాడు దొంగతనం ఎందుకు చేస్తాడని మరొకరు. మోహన ఇంగ్లీషు అంత బాగా రాయలేదు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ప్రతిదానికీ జవాబు రాసింది. షాపుకు వచ్చినవాళ్ళు ప్రింటరు ఎప్పుడు బాగవుతుందని అడిగితే, రేపు రేపు అని తిప్పింది. నా పక్కింటివాళ్ళ ప్రింటరు కూడా వాటిలో ఉంది.

చివరికి తీర్పు వచ్చింది. గీత మీద పడిన ఆరు స్కోర్లనూ తిరిగి పట్టికలో పెడతాం, కాని ప్రతిదాని పక్కనా ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది, ఈ స్కోరుకు సాక్ష్యం అసంపూర్ణం అని కింద రాసి ఉంటుంది అన్నారు.

మోహన సంతోషంగా రాఫాల్‌కు కబురు రాసింది. మరునాడే జవాబు వచ్చింది. మీరు పడిన శ్రమకు కృతజ్ఞతలు, నా స్కోరును మళ్ళీ పెట్టవద్దని నిర్వాహకులకు చెప్పాను, గుర్తుతో ఉండేకన్నా లేకపోవడమే నయం అని.

ఆ జవాబు ఆమెను గట్టిగా తాకింది. వాదిస్తూ ఉత్తరం రాసి, చెరిపేసింది. ఐదుగురు నక్షత్రాలతో పట్టికలోకి తిరిగి వచ్చారు. రాఫాల్ రాలేదు.

"నాకిస్తే తీసుకుని ఉందును సార్," అంది నాతో. "ఆ మొదటిదానికి. నచ్చత్రం కాదు, నాలుగు నచ్చత్రాలు పెట్టినా తీసుకుని ఉందును. ఆయప్ప ఏమో వద్దన్నాడు. ఎవరిది సరి?"

 

ఆరు నెలల తర్వాత నిర్వాహకులు ఆమెను తమ పరిశీలకుల్లో ఒకరిగా ఉండమని అడిగారు. జీతం లేని పని. ఒక వారం ఆలోచించి ఒప్పుకుంది. ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటలకు షాపు షట్టరు సగం దించి, క్యారియరు తెరిచి, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో ఎవరెవరో పంపిన స్క్రీను బొమ్మలు చూస్తుంది. ఆలంగాయం నుంచి అలాస్కా దాకా ఎక్కడివాళ్ళో తెలియదు, పేరు కూడా సరిగా ఉండదు. ప్రతి బొమ్మలోనూ ఒక మనిషి, చూడండి, నేను చేశాను అంటుంటాడు. ఆమె తీసేసిన స్కోర్లు ఇప్పటికి చాలానే ఉన్నాయి. తీసేసేటప్పుడు రెండు వరుసలు రాసి ఊరుకోదు. ఏది కనబడలేదో, ఎలా పెడితే చాలో, యంత్రం ఇంకా బిగించే ఉంటే వెంటనే ఏమి చేయాలో పేజీడు రాస్తుంది. దానికి తిట్టినవాళ్ళూ ఉన్నారు.

పోయిన నెల వాళ్ళింటికి గుడియాత్తం వెళ్ళాను. జానకిరామన్‌కు కళ్ళు మసకబారాయి, నేత మానేశాడు. అరుగు మీద కూర్చుని పోయేవాళ్ళను అడుగుల చప్పుడుతో గుర్తుపడుతున్నాడు. పొన్నమ్మ కాఫీ ఇచ్చింది. మాటల మధ్యలో ఆయన కూతుర్ని అడిగాడు.

"ఆ లారీ మెకానిక్కు మళ్ళీ ఏమన్నా రాసినాడామ్మా?"

"లేదు నాయనా."

"కొత్తది ఏమైనా చేస్తా ఉండాడా?"

"పట్టికలో ఆ పేరు కనబళ్ళేదు. చేసేదే నిలిపేసినాడో ఏమో."

జానకిరామన్ కాఫీ గ్లాసు కోసం చేత్తో తడుముకున్నాడు. మోహన గ్లాసును ఆయన చేతికి అందించింది.

"నువ్వు అప్పుడప్పుడు చూస్తా ఉండు," అన్నాడాయన.

"చూస్తానే ఉండాను నాయనా," అంది.